నాలుగింటి లైవ్

"మీరు నౌకరి ఇడిచిపెట్టి నాలుగేండ్లాయె మేడం. గా సంగతి యాదికున్నదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ నితీష్.

రాధాబాయికి యాదికుంది. పొద్దున్నే నిజామాబాద్‌లో బస్సెక్కి, సీటు దొరక్క ఎడపల్లి దాకా కమ్మీ పట్టుకుని నిలబడ్డప్పుడు మరీ బాగా యాదికొచ్చింది. జీపులో తిరిగిన రోజుల్లో నడుం ఇట్లా పట్టేసేది కాదు.

"కూసోమనవా ఏంది?"

నితీష్ కుర్చీ చూపించాడు. ఒకప్పుడు ఆమె కింద కొత్త ఎస్సైగా పని నేర్చుకున్నవాడే. పంచనామాలో ఏ మాట రాయాలో, ఏ మాట రాయకూడదో ఆమె దగ్గరే తెలుసుకున్నాడు. ఇప్పుడు శ్రావణ్ సారు హత్య కేసు అతని చేతిలో ఉంది. రాధాబాయికి మిగిలింది నిజామాబాద్ బస్టాండు వెనక ఒక గది, గుమ్మానికి డిటెక్టివ్ అని ఒక బోర్డు, రోజూ వచ్చే పెళ్లి సంబంధాల ఎంక్వైరీలు. నిన్న ఆ గదిలోకే వచ్చి, "నా పెనిమిటిని పట్కపోయిండ్రక్కా, ఆయన ఆ పని చెయ్యలే" అంటూ తిరుపతమ్మ అనే రైతు భార్య నేల మీద కూలబడిపోయింది.

"నర్సన్న మీద నీకేం దొరికిందో చెప్పు, నేను నా తొవ్వన పోత," అంది రాధాబాయి.

"చెప్పెటందుకు ఏమున్నది మేడం? అంతా సాఫే." నితీష్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెండు రోజులుగా నిద్ర లేనట్టుంది. "శ్రావణ్ ఉదయరేఖ హైస్కూల్ల కంప్యూటర్ సారు. శనివారం సెలవు. మాపటికి నాలుగుంబావుకు భార్యకు ఫోన్ చేసిండు. చందూరుల ఒక ముసలామె పాటలు రికార్డు చేసేది ఉన్నది, బండి మీద పోతున్న అన్నడు. అయిదు కాకముందే రుద్రూర్ అవతల కాలువల పీనుగు కనబడ్డది. తల ఎన్కకెళ్లి దెబ్బ. ఆ కాలువ పక్కనే నర్సన్న చేను. అంతకు వారం ముంగట బడి గేటు కాడ సారు కాలర్ పట్టుకుని, 'నా బిడ్డ జోలికొస్తే కాలువల పడేస్త' అన్నడు. ఇరవై మంది విన్నరు."

"సారు భుజానికి సంచి ఉంటుండె, అందుల పాటల అసలు రికార్డింగులున్న హార్డ్ డిస్క్ ఉంటుండెనట. దొరికిందా?"

"నీళ్లల్ల పోయింటది."

"బండి గట్టు మీదనే ఉన్నది. సారు తూము కాడ్నే పడ్డడు. సంచి ఒక్కటే కొట్కపోయిందా?"

నితీష్ ముందున్న కాయితాలు సర్దాడు.

"మరి ప్రేమ్ సంగతి?"

"నాకు తెలుసు మీరు గాడికే వస్తరని," అన్నాడు నితీష్ విసుగ్గా. "ఆ పాట లొల్లి నేను గూడ విన్న. కానీ నాలుగింటి నుంచి అయిదింటి దాకా ప్రేమ్ బడి స్టూడియోల కూసోని లైవ్ ఇస్తున్నడు. నాలుగు వందల మంది చూసిండ్రు. మనిషి ఒక్కడు రెండు చోట్ల ఉంటడా మేడం?"

పాట లొల్లి బోధన్‌లో అందరికీ తెలిసిందే. ఉదయరేఖ పిల్లలకు 'బడి గొంతు' అని యూట్యూబ్‌లో సొంత ఛానల్ ఉంది. వార్తలు, పాటలు, ఇంటర్వ్యూలు అన్నీ పిల్లలే చేస్తారు. అందులో శ్రావణ్ సారు రాసిన బెల్లం బట్టి పాటను నర్సన్న కూతురు అఖిల పాడింది. రెండు నెలలు తిరక్కుండానే అదే పాట, అదే వరస, వేరే అమ్మాయి గొంతుతో నిజామాబాద్‌లోని 'పసుపుతోట ఆడియో' నుంచి వచ్చింది. పెళ్లిళ్లలో, ట్రాక్టర్లలో ఎక్కడ చూసినా అదే. ఆ పసుపుతోట ఆడియో ఓనరే ప్రేమ్. అంతటితో ఊరుకోలేదు. బడి పిల్లలే తన పాటను కాపీ కొట్టారని ఫిర్యాదు పెట్టి అఖిల వీడియోను తీయించేశాడు. ఛానల్‌కు మొదటి స్ట్రైక్ అట్లా పడింది. అట్లాంటివి మూడు పడితే యూట్యూబ్ ఛానల్‌నే మూసేస్తుంది.

"నర్సన్నతోటి మాట్లాడుత. పది నిమిషాలు," అని లేచింది రాధాబాయి.

"మాట్లాడుండ్రి. కానీ మాపటికి ప్రెస్ మీటున్నది. అది ఆగది."

నర్సన్న వెనక గదిలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పసుపు చేలో నీళ్లు కట్టి వచ్చినప్పటి మట్టి ఇంకా పాదాల మీద ఎండిపోయి ఉంది.

"కాలర్ ఎందుకు పట్టినవ్?"

"కోపమచ్చింది." పాదం మీది మట్టిని గోటితో గీకుతూ అన్నాడు. "నా బిడ్డ పాటను అందరు ఫోన్లల్ల ఇంటుండ్రి అక్కా. మంచిగ పాడిందన్నోళ్లు ఉన్నరు. కింద వంకర రాతలు రాసినోళ్లు గూడ ఉన్నరు. చెరుకు లారీ కాడ ఒకడు ఆ రాతలు నా ముంగటనే సదివి నవ్విండు. ఆమె నా బిడ్డ అని వానికి తెల్వదు. ఆడపిల్ల గొంతు గిట్ల ఊరంతా ఎందుకినాలె? పోయి సారును పట్టుకున్న."

"తర్వాత?"

"తెల్లారి సారే చేను కాడికి అచ్చిండు. 'నర్సన్నా, ఆ రాతలన్ని తీసేసిన. పాట నీ బిడ్డది. దాన్ని ఎత్కపోయినోని దగ్గరికెళ్లి ఆమె పేరు తోటి వాపస్ తెస్త' అన్నడు. చాయ్ తాగి పోయిండు."

"గీ మాట పోలీసోళ్లకు చెప్పినవా?"

"ఎవ్వరు అడగలే."

"శనివారం నాలుగు దాటినంక ఏం చేస్తున్నవ్?"

"పసుపుకు నీళ్లు పెట్టిన."

"ఎవరన్న చూసిండ్రా?"

నర్సన్న తల అడ్డంగా ఊపాడు. "చేనుల ఒక్కన్నే ఉన్న. అబద్ధం ఎందుకు చెప్పాలె?"

అబద్ధం చెప్పలేనివాడిని కాపాడటం ఎంత కష్టమో రాధాబాయికి తెలుసు. బయటికొచ్చి ఆటో ఎక్కింది.

*

బడిలో మధ్యాహ్నం సంతాప సభ. హెడ్‌మాస్టరు సుమిత్రమ్మ స్టూడియో దారి చూపిస్తూ, "పిల్లలు శనివారం సంది ఏడుస్తనే ఉన్నరు. అఖిల ఒక్కతి ఏడుస్తలేదు. గదే నాకు భయమైతుంది," అంది.

స్టూడియో అంటే పాత ల్యాబు సామాన్ల గది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించారు. బయటి చప్పుడు రాకుండా కిటికీ సందుల్లో స్పాంజి కూరారు. ఒక కంప్యూటర్, ఒక మైకు, చిన్న కెమెరా, వెనక నీలం దుప్పటి కట్టిన తెర. కంప్యూటర్ ముందు రెండు జడలమ్మాయి కూర్చుని ఉంది.

"అఖిలవా?"

"అవును మేడం." లేచి నిలబడింది. "మా అవ్వ నిన్న మీ కాడికి వచ్చింది గద, మీరొస్తరని చెప్పింది. బాపు అన్నం తిన్నడా?"

"అడుగుడు మర్చిపోయిన," అంది రాధాబాయి. అబద్ధం చెప్పాలనిపించలేదు.

అఖిల తలూపింది. కంప్యూటర్ వైపు తిరిగి, "మేడం, మాకు ఇంకో నోటీసొచ్చింది," అంది.

"ఏం నోటీసు?"

"కాపీరైట్. శనివారం ప్రేమ్ సార్ లైవ్ మీద. మేం ఆయన పాట ఏదో వాడినమట. ఒట్టు మేడం, మేం వాడలే. మొదటి స్ట్రైక్ పడ్డప్పటి నుంచి సారు మాతోటి సొంత బాణీలే చేయిస్తుండె. గింత తబలా ముక్క గూడ బయటిది పెట్టనిస్తలేకుండె. ఛానల్ పోతే సారు పాటలన్ని పోతయ్ మేడం. అన్ని అందులనే ఉన్నయ్."

తండ్రి పోలీస్ స్టేషన్‌లో ఉన్నాడు, సారు చనిపోయాడు. ఈ పిల్ల మాత్రం నోటీసు గురించి మాట్లాడుతోంది. నితీష్ అయితే ఒక్క కసురు కసిరేవాడు. రాధాబాయికి కసిరే ఓపిక కూడా లేదు. కుర్చీ లాక్కుని నడుం వాల్చింది. "సరే, చూపెట్టు."

నోటీసు మూడు వరుసలే ఉంది. వీడియో మొదలైన కాసేపటికి ఒక నిమిషం పాటు 'మా వాడ మెరిసే' అనే పాట వినబడుతోందనీ, దాని హక్కుదారు పసుపుతోట ఆడియో అనీ రాసుంది.

"ఇది ప్రేమే పంపిండా?"

"కాదు మేడం. ఒక పాటను హక్కుల కింద ఎక్కిస్తే, అది ఎక్కడ వినబడ్డా మెషినే గుర్తు పడ్తది. మనుషులకు వినబడకున్నా దానికి వినబడ్తది. నోటీసు దానంతటదే వస్తది."

"ఆ పాట ఈ వీడియోల ఉన్నదా?"

"నాకైతే వినబడలే. ఆయన మాటలే ఉన్నయ్."

ఆమె వీడియో పెట్టింది. నీలం తెర ముందు ప్రేమ్ కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, నుదుటన సన్నని బొట్టు. పాట ఎవరిదైతే హక్కు వాళ్లదేననీ, పిల్లలు ఈ వయసు నుంచే తెలుసుకోవాలనీ తియ్యగా చెబుతున్నాడు. పక్కన చాట్‌లో ప్రశ్నలు వరసగా పడుతున్నాయి. వాటిలో మూడు అఖిలవే. 'సార్, బెల్లం బట్టి పాట ఎవరిది?' అని మూడుసార్లు అడిగింది.

"జవాబు చెప్పిండా?"

"నాకే కాదు, ఎవ్వరికీ చెప్పలే. 'అందరికీ నమస్తే' అన్నడు, మొదలువెట్టిండు, అయిపోగొట్టిండు. కనీసం ఎవ్వరి పేరు తియ్యలే."

అప్పుడే కరెంటు పోయింది. కంప్యూటర్ టక్కున ఆరిపోయింది. గదిలో చీకటి.

"యూపీఎస్ బ్యాటరీ లేదా?"

"చెడిపోయి ఏడాదాయె మేడం. కరెంటు పోతే లైవ్ గూడ పోతది. చాన సార్లు పోయింది."

కరెంటు వచ్చేదాకా రాధాబాయి కిటికీ దగ్గర నిలబడి స్పాంజి సందులోంచి బయటికి చూసింది. సన్నని గల్లీ. ఎదుటి ఇళ్ల గడపల ముందు ఖాళీ ప్లాస్టిక్ బకెట్లు, నీలం ఒకటి, పచ్చ ఒకటి.

కంప్యూటర్ మళ్లీ లేచాక, "ఆ నిమిషం ముక్కను హెడ్‌ఫోన్ పెట్టుకొని ఇను. ప్రేమ్ మాటలు ఇనకు. మాటకు మాటకు నడుమ ఖాళీల ఏమొస్తుందో ఇను," అంది.

అఖిల కళ్లు మూసుకుని విన్నది. ఒకసారి, రెండోసారి. మూడోసారికి ఆమె పెదాలు సన్నగా ఏదో పాటకు కదిలాయి. హెడ్‌ఫోన్ తీసేసింది.

"మేడం, ఇది చెత్తబండి పాట."

"ఏంది?"

"గల్లీలకు చెత్త తీసుకపోయే ఆటో వస్తది గద, దానికి మైకు కట్టి ఒక పాట పెడ్తరు. 'మా వాడ మెరిసే' అంటే అదే. పసుపుతోటోళ్లు చేసిచ్చిండ్రని మాకు తెల్వదు. మస్తు సన్నగ వస్తుంది, కానీ అదే."

"ఈ గల్లీకి చెత్తబండి ఎప్పుడొస్తది?"

"పొద్దుగాల. ఒక్కసారే. ఎన్మిది లోపల్నే పోతది. గందుకే పొద్దుగాల రికార్డింగులు పెట్టుకోవద్దని సారు..."

అఖిల మధ్యలోనే ఆగిపోయింది.

"నాలుగింటి లైవ్‌ల పొద్దుగాల చెత్తబండి ఎట్లొచ్చింది?" అంది రాధాబాయి మెల్లగా. "జర ఈ కంప్యూటర్ల వెతుకు బిడ్డా. శనివారం పొద్దున తయారైన వీడియో ఏదన్న ఉన్నదేమో."

వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. దాచాలని ఎవరూ అనుకోలేదు కాబట్టి దాచలేదు. 'ప్రేమ్ గారు ఫైనల్' అని ఫైలు. శనివారం పొద్దున ఎనిమిది దాటాక తయారైంది. లైవ్ పంపే సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలునే పెట్టి, నాలుగింటికి దానంతటదే మొదలయ్యేలా టైము కట్టి ఉంది.

"అంటే ఆ టైంకు ప్రేమ్ సార్ ఇక్కడ లేడా?"

"లేడు. ఈ గదిల ఎవ్వరూ లేరు. ఖాళీ గదిలకెళ్లి లైవ్ పోయింది."

"మరి టైము కట్టింది ఎవరు మేడం? ఈ సాఫ్ట్‌వేర్ మాకిద్దరికే వస్తది. నాకు, మా..."

ఆమె ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. శనివారం నుంచి ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. రాధాబాయి ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది.

"మీ సారు తప్పు చెయ్యలే. ప్రేమ్ ఏదో ఆశ చూపి ఉంటడు. పొద్దున రికార్డు చేద్దాం, మాపటికి లైవ్ అని పెడ్తే ఎక్కువ మంది చూస్తరు, దానికి బదులు ఫిర్యాదు వాపస్ తీసుకుంట, పాటకు నీ పేరు పెడ్త అని ఉంటడు. నీ పాట కోసమే మీ సారు ఒప్పుకున్నడు. తనను చంపెటోనికి సాక్ష్యం తన చేతులతోనే తయారు చేసి పెడ్తున్నడని పాపం ఆయనకేం తెల్సు?"

అఖిల ఆ ఫైలునూ, టైము కట్టిన పేజీ ఫొటోనూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చింది.

"బిడ్డా, ఈ మాట ఎవ్వరికీ చెప్పకు. మీ హెడ్‌మేడంకు గూడ వద్దు, మీ అవ్వకు గూడ వద్దు."

"ఏ మనిషికీ చెప్పను మేడం."

*

సంతాప సభకు ప్రేమ్ పెద్ద పూలదండతో వచ్చాడు. సభ అయ్యాక వరండాలో రాధాబాయి అతని ముందుకెళ్లి నిలబడింది. నలభై దాటని మనిషి. మాట మెత్తన.

"రాధాబాయి మేడం గద? మీ పేరు విన్న. నర్సన్న తరఫున వచ్చిండ్రట. పాపం, పేదోడు. కోపంల ఏదో చేసుకున్నడు."

"మీకూ శ్రావణ్‌కూ పాట లొల్లి ఉండె గద?"

"ఉండె. శనివారంతోటి అది అయిపోయింది మేడం. కూసోని మాట్లాడుకున్నం. గందుకే గద పిలవంగనే లైవ్‌కు వచ్చిన."

"లైవ్ నడుస్తున్నప్పుడు ఇక్కడ ఎవరెవరున్నరు?"

"నేనొక్కన్నే. సారు అన్నీ సెట్ చేసి, చందూరు పనుందని నాలుగింటి లోపల్నే పోయిండు. అయిదింటికి నేను తలుపు దగ్గరికేసి పోయిన."

రాధాబాయి నిట్టూర్చింది. "నా పరేషాన్ అంతా ఒక్కటే ప్రేమ్ గారూ. ఆ రోజు నాలుగున్నరకు ఇక్కడ కరెంటు పోయిందంటుండ్రు. మరి మీ లైవ్ ఎట్ల ఆగలే అని ఇన్‌స్పెక్టర్ అడుగుతుండు. మీరు చెప్తే ఆ లొల్లి ఒడిసిపోతది."

ప్రేమ్ ఒక్క క్షణం ఆమె కళ్లలోకి చూశాడు.

"పోయింది మేడం. ఒక్క నిమిషం. లైటు ఆరిపోయింది, మళ్ల వచ్చింది. కంప్యూటర్‌కు బ్యాటరీ ఉంటది గద, అది ఆగలే. నేను మాట్లాడుతనే ఉన్న."

"గంతే గదా," అంది రాధాబాయి. "శుక్రియా."

శనివారం బోధన్‌లో కరెంటు పోయిందో లేదో ఆమెకు తెలియదు. పోయి ఉంటే ఆ కంప్యూటర్ బతికుండేది కాదు. ఆ గదిలో కూర్చున్నవాడికి ఆ సంగతి తెలిసి ఉండేది.

*

"చెత్తబండి పాటనా?" నితీష్ కుర్చీలోంచి సగం లేచాడు. "మేడం, ఇంకో గంటల ప్రెస్సోళ్లు వస్తరు. కోర్టుల చెత్తబండిని సాక్షి పెట్టమంటరా?"

"చెత్తబండిని వద్దు. ఫైలును పెట్టు."

"ఫైలు పొద్దున తయారైతే ఏమాయె? రిహార్సల్ అయ్యుంటది."

"నాలుగింటికి అదే ఫైలు పోయేటట్టు టైము కట్టి ఉన్నది నితీష్. కండ్లు తెరిచి చూడు."

"నాకు చెప్తరా మీరు చూసుడెట్లనో? రెండు దినాల సంది పండుకోలే నేను!"

"తెలుస్తుంది. నిద్ర లేని కండ్లకు కాలర్ పట్టినోడొక్కడే కనబడ్డడు."

పక్క గదిలో రాస్తున్న కానిస్టేబుల్ తలెత్తి చూసి, వెంటనే దించుకున్నాడు. నితీష్ పెన్‌డ్రైవ్‌ను లాక్కున్నట్టుగా తీసుకున్నాడు. ఫైలు చూశాడు. టైము కట్టిన ఫొటో చూశాడు. ప్రేమ్ ఇచ్చిన వాంగ్మూలం తీసి ఒక వాక్యం దగ్గర వేలు పెట్టాడు.

"నాలుగింటి నుంచి అయిదింటి దాకా ఆ కుర్చీల్నే ఉన్నట్టు సంతకం పెట్టిండు," అన్నాడు చివరికి. గొంతు తగ్గింది. "అసలు నోటీసు గూడ కావాలె మేడం."

రాధాబాయి అఖిలకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. సుమిత్రమ్మకు చేసింది.

"అఖిలనా? ప్రేమ్ గారి కార్ల నిజామాబాద్ పోయింది మేడం," అంది సుమిత్రమ్మ. "పాట మీద ఫిర్యాదు వాపస్ తీస్కుంటడట, స్టూడియోల ఆమె సంతకం కావాల్నట. పిల్ల మొదలు జంకింది, 'సారు పాట వాపస్ వస్తదంటే పోత' అని ఎక్కింది. 'నేను డిస్ప్యూట్ పెట్టిన గద, గందుకే దిగొచ్చిండు' అన్నది."

"డిస్ప్యూట్ ఏంది?"

"ఆ నోటీసుకు జవాబు. మీరు పోంగనే రాసింది. నాకు గూడ చూపెట్టలే, యూట్యూబుకు రాసిన అన్నది. ఆగుండ్రి, కంప్యూటర్ల తెరిచే ఉన్నది." గొంతు సవరించుకుని చదివింది. "'మేము ఈ పాట వాడలేదు. శనివారం ఉదయం ఈ వీడియో రికార్డు చేస్తున్నప్పుడు బయట చెత్తబండి పాడిన పాట అది. దయచేసి మా ఛానల్ తీసేయవద్దు.'"

ఏ మనిషికీ చెప్పనంది పిల్ల. మాట తప్పలేదు. మెషిన్‌కు చెప్పాననుకుంది.

"నితీష్, ఆ జవాబు ఎవరికి పోతది?"

"ఎవరి ఫిర్యాదైతే వానికే..." అంటూనే అతను లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది.

అంతలో అతని ఫోన్ చప్పుడు చేసింది. కేసు కోసం ఆ ఛానల్‌కు సబ్‌స్క్రైబ్ అయ్యాడు. తెర మీద ఒకే వాక్యం ఉంది. బడి గొంతు ఇప్పుడు లైవ్‌లో ఉంది.

తెరిస్తే బొమ్మ లేదు. అంతా నలుపు. ఇంజను చప్పుడు, ఏదో బట్ట రాసుకుంటున్న చప్పుడు. సంచి లోపలి నుంచి వస్తున్నట్టు ఒక అమ్మాయి గొంతు.

"సార్, నిజామాబాద్‌కు ఎడపల్లి మీదికెళ్లి గద పోతరు? ఇది రుద్రూర్ రోడ్డు."

"చిన్న పనున్నది. అయినంక పోదాం." ప్రేమ్ గొంతు. మెత్తదనం పోలేదు. "నీ ఫోన్ ఇటియ్యి."

"చార్జింగ్ అయిపోయింది సార్."

"పొద్దున రికార్డింగ్ అని నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవ్వరు చెప్పలే. నేనే విన్న."

వెనక గది తలుపు దగ్గర అలికిడైంది. నర్సన్న వచ్చి నిలబడ్డాడు. అతన్ని ఎవరూ ఆపలేదు.

"గది నా బిడ్డ గొంతు," అన్నాడు. "సారూ, సౌండ్ పెంచు."

నితీష్ పెంచాడు. పెంచుతూనే జీపు దగ్గరికి పరుగెత్తాడు. "మీరు గూడ ఎక్కుండ్రి మేడం. నర్సన్నా, నువ్వూ రా. ఆ బాటలు నీకే ఎరుక."

జీపు శక్కర్‌నగర్ దాటింది. నితీష్ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో వైర్‌లెస్‌లో రుద్రూర్ వాళ్లను పిలుస్తున్నాడు. వెనక సీట్లో నర్సన్న నితీష్ ఫోన్‌ను రెండు చేతులతో ముఖం ముందు పట్టుకుని వింటున్నాడు. లైవ్ చూసేవాళ్ల లెక్క పెరుగుతోంది.

"సార్, కాలువ మీదికి ఎందుకు పోతున్నం?"

"భయపడకు. మీ సారు గూడ గిట్లనే ఎక్కువ ప్రశ్నలు అడుగుతుండె. డిస్కు ఇచ్చి పో అంటే ఇనకపాయె..."

నితీష్ తల తిప్పి రాధాబాయిని చూశాడు. ఆమె ముందుకే చూస్తోంది.

ఇంతలో కారులో పాట మొదలైంది. పిల్ల అరిస్తే బయటికి వినబడకూడదనేమో, గట్టిగా పెట్టాడు. బెల్లం బట్టి పాటే. దొంగిలించిన పాట. ఫోన్ తెర మీద ఏదో హెచ్చరిక వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. తర్వాత ఇంజను చప్పుడూ లేదు, గొంతూ లేదు. ఒక బొమ్మ మాత్రం నిలిచిపోయింది.

"ఏమైంది సారు? గొంతెందుకు ఆగింది?" నర్సన్న ఫోన్‌ను ఊపాడు. "నా బిడ్డకేమైంది?"

"పాట మీద హక్కులున్నయని యూట్యూబ్ ఆపేసింది," అన్నాడు నితీష్. ఆ మాట అతనికే చేదుగా తగిలినట్టుంది.

"ఆమెకేం కాలే నర్సన్నా," అంది రాధాబాయి. నమ్మి అన్నదో, నమ్మక అన్నదో ఆమెకే తెలియదు. "కాలువ మీదికి కారు దిగే బాట ఎక్కడున్నది, గది చెప్పు."

"రుద్రూర్ దాటినంక ఒక్కటే ఉన్నది. తూము పక్కన. రెండు దిక్కుల చెరుకే."

బాట మలుపులో తెల్ల కారు కనబడింది. నితీష్ దూరంగానే ఇంజను ఆపాడు. ముగ్గురూ దిగారు. కారు రెండు వైపుల తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. పాట ఇంకా మోగుతూనే ఉంది. ఎడమ తలుపు పక్కన బురదలో బడి సంచి పడి ఉంది. అక్కణ్ణుంచి చిన్న పాదాల గుర్తులు నేరుగా చెరుకులోకి పోయాయి. వాటి పక్కనే బూటు గుర్తులు.

నితీష్ చెయ్యి చాచి పాట ఆపాడు. తుపాకీ తీశాడు.

చెరుకు మనిషి కంటే రెండింతల ఎత్తుంది. లోపల ఏమీ కనబడటం లేదు. నర్సన్న ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు, బిడ్డను పిలవడానికి. రాధాబాయి ఒక్క అంగలో అతన్ని చేరి అరచేత్తో నోరు మూసింది.

"పిలవకు," అంది అతని చెవిలో. "నువ్వు పిలిస్తే ఆమె పలుకుతది. యాడున్నదో వానికి తెలుస్తది."

నర్సన్న తలూపాడు. అతని కన్నీళ్లు ఆమె వేళ్ల మీదికి జారుతున్నాయి.

గాలి లేదు. ఆకు కదలడం లేదు. కానీ ఆ తోటలో రెండు చోట్ల చెరుకు ఊగుతోంది. ఒకచోట ఆగి ఆగి. రెండో చోట ఆగకుండా, దాని వైపే.